బండికి సిమ్ మేలా, పెట్టెలో లాగర్ మేలా?

విశాఖలో మందులు ఎక్కించుకున్న మా వ్యాను సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కగానే, సిమ్ వేసి బండికి బిగించిన ట్రాకర్ ఫోనులో చూపించే దాని చుక్క కదలడం మానేస్తుంది. మొదట్లో బండి ఆగిపోయిందేమోనని కంగారుపడి డ్రైవర్‌కి ఫోను కొట్టేవాణ్ణి. అదీ తగిలేది కాదు. జీపీఎస్‌కి సెల్ టవర్‌తో పనిలేదు, ఉపగ్రహాలతోనే చోటు పట్టేస్తుంది. ఆ కబురు మనదాకా రావడానికే సిగ్నల్ కావాలి. మెమరీ ఉన్న ట్రాకరైతే కొండల్లో ఉన్నంతసేపూ లెక్కలు దాచుకుని, టవర్ దొరగ్గానే ఒకేసారి కుమ్మరిస్తుంది. మెమరీ లేనిదైతే ఆ దారంతా ఖాళీయే.

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో మందుల హోల్‌సేల్ వాళ్లకి రెండు బండ్లు తిప్పుతున్నాను. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కాస్త వేడెక్కితే కొన్నాళ్లయినా ఆగుతుందేమో గానీ, ఒక్కసారి గడ్డకట్టిందంటే పారేయాల్సిందే. ట్రాకర్‌కున్న సెన్సర్ చల్లదనం కూడా చూసి చెబుతుంది, కానీ ఘాట్‌లో మొదలైన తేడాకి అలర్టు, సిగ్నల్ దొరికాక కోరాపుట్ దగ్గర మోగితే నేనేం చెయ్యను?

పోయినేడు ఒక షాపాయన పెట్టె తిప్పి పంపేశాడు. నా ఫోనులో ట్రాకర్ గీసిన చల్లదనం గీత మాత్రం దారి పొడుగునా 5 దగ్గరే బుద్ధిగా ఉంది. ఉండదూ మరి! సెన్సర్ తీగ వ్యాను పైకప్పుకి కట్టి ఉంది, అది చూసింది గాలిని. ఆ పెట్టెలో అగ్గిపెట్టంత లాగర్, అంటే సిమ్ లేకుండా చల్లదనం లెక్క తనలోనే రాసుకునే పరికరం, వేసి పంపారు విశాఖ వాళ్లు. దాన్ని కంప్యూటర్‌కి గుచ్చితే పీడీఎఫ్ వచ్చింది. పది నిమిషాలకో అంకె, మధ్యలో గంటన్నర సున్నా కింద. మా కుర్రాడు ఐస్ ప్యాక్‌ని అట్టముక్క అడ్డం లేకుండా సీసాలకి ఆనించేశాడు. నష్టం నేనే కట్టుకున్నాను, వాదించడానికి మాటేముంది.

అలాగని ట్రాకర్ దండగ అనను. విజయనగరం దగ్గర బండిని చల్లబరిచే కంప్రెసర్ ఆగితే ఫోను అరుస్తుంది, డ్రైవర్ అక్కడే ఐస్ కొనుక్కుంటాడు. లాగర్ ఆ పని చెయ్యలేదు, అది జరిగినదే చెబుతుంది. బండి ఎక్కడుందని అడిగే షాపువాళ్లకీ ట్రాకరే జవాబు. కానీ నెలనెలా రీచార్జి ఉంది. చవగ్గా 2జీది తీసుకుంటే అందులో జియో సిమ్ పనిచెయ్యదు, జియోకి 2జీయే లేదు.

డీజిల్ ట్యాంకులో పెట్టే కడ్డీ సెన్సర్ సంగతి అడక్కండి. ఘాట్ వాలులో డీజిల్ ఓ పక్కకి ఒరిగితే తగ్గిపోయినట్టు చూపిస్తుంది, డ్రైవర్ దొంగైపోతాడు. మావాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఉల్లిపాయలు, సిమెంటు తోలేవాళ్లకి ట్రాకర్ ఒక్కటీ చాలు. చల్లటి సరుకు ఘాట్ ఎక్కించేవాళ్లు ముందు లాగరే కొనండి, డబ్బులుంటే ఆ తర్వాత మెమరీ ఉన్న ట్రాకర్. నేనిప్పుడు రెండూ పెట్టాను. తీగ మాత్రం పైకప్పు మీంచి దింపి, పెట్టె మూతకి కంత చేసి సీసాల మధ్యకి దూర్చాను. గీత ఇదివరకంత బుద్ధిగా లేదు.