చంటిబిడ్డతో మొక్కలు: మిద్దె మీద కుండీలా, పెరట్లో మడులా?

మా పాపకు ఇప్పుడు పదకొండో నెల. కాన్పుకు ముందు తిరుపతిలో మేం అద్దెకుంటున్న ఇంటి మిద్దె మీద నావి 20 కుండీలు ఉండేవి. కాన్పుకని చంద్రగిరి దగ్గర మా అమ్మవాళ్ళ పల్లెకు పోయి, బిడ్డకు ఐదో నెల వచ్చేదాకా అక్కడే ఉన్నాను. అక్కడ ఇంటి వెనక నాలుగు మడులు, ఒక మునగచెట్టు, జాగా అంతా తనదే అన్నట్టు పరుచుకున్న అరటి. అట్లా చంకలో బిడ్డతో పెరడూ చూశాను, కుండీలూ చూశాను. మొన్న మా చిన్నాయన కూతురు ఫోన్ చేసింది. దానికి ఎనిమిదో నెల. "అక్కా, నాలుగు మొక్కలు పెట్టుకుందామని ఉంది. కుండీలు కొనమంటావా, అత్తగారింటి వెనక జాగా తవ్వించమంటావా?" అని అడిగింది. ఫోన్లో సగం చెప్పేసరికి మా పాప లేచింది. మిగతా సగం కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కాపు ఎందులో ఎక్కువ అన్నది నేను లెక్కలోకి తీసుకోలేదు. రైతు బజారుకు పోతే ఆకుకూర చవకగానే దొరుకుతుంది. డబ్బు మిగులుతుందని మిద్దె మీద కుండీలు పెట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు ఎరువు ఖర్చు గుర్తులేదనే అర్థం. బిడ్డ ఉన్న ఇంట్లో నేను చూసినవి రెండే. మూడు రోజులు మనం అటు తిరిగి చూడకపోతే ఆ మొక్క బతుకుతుందా? అక్కడ నిలబడితే ఉయ్యాల్లో బిడ్డ ఏడుపు వినిపిస్తుందా?

మొదటిదాంట్లో పెరడు గెలిచింది. గెలవడమంటే మామూలుగా కాదు. పాపకు 14 వారాల టీకా వేయించిన రోజు రాత్రి జ్వరం వచ్చింది. ఆ రాత్రి, మర్నాడు, ఆ మర్నాడు కూడా ఇంట్లో ఎవరికీ మొక్కలు గుర్తు రాలేదు. ఏప్రిల్ మొదటి వారం, అప్పటికే ఎండలు ముదిరాయి. మూడో రోజు సాయంత్రం వెళ్ళి చూస్తే తోటకూర కాస్త తలలు వాల్చి ఉంది, అంతే. మొదళ్ళ చుట్టూ మా అమ్మ చెనక్కాయల పొట్టు మందంగా పరిచి ఉంచింది. దాన్ని వేలితో పక్కకు జరిపితే కింద మట్టి ఇంకా చెమ్మగానే ఉంది. ఒక బిందె నీళ్ళు పోస్తే తెల్లారేసరికి ఏమీ జరగనట్టు నిలబడ్డాయి.

అదే మిద్దె మీద అయితే? మే మొదటి వారంలో తిరుపతికి వచ్చేసరికి 20 కుండీల్లో 11 మిగిలాయి. మా ఆయనను అనడానికి లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలే నీళ్ళు పోసిపెట్టాయి. తర్వాత ఆయన ఆఫీసు నుంచి వచ్చి రాత్రి 9 గంటలకు పైపు పట్టుకునేవాడు. వేసవిలో మిద్దె మీది కుండీకి ఒక పూట నీళ్ళు చాలవు. నేలలో వేరు చల్లదనం వెతుక్కుంటూ కిందికి పోతుంది. 12 అంగుళాల గ్రో బ్యాగులో (మొక్కలు పెంచే సంచిలో) ఉన్నది 20 లీటర్ల మట్టి, దానికి పక్కల నుంచి ఎండ, కింద నుంచి గచ్చు వేడి. నేను వచ్చాక పాపకు నాలుగు రోజులు జలుబు పట్టింది, రాత్రుళ్ళు నిద్ర లేదు. అందులో రెండు పూటలు నీళ్ళు తప్పాను. పూత మీద ఉన్న టమాట మొక్కలు మూడూ పొద్దున 11 గంటలకు తడిగుడ్డలా వేలాడిపోయాయి. సాయంత్రం ఎన్ని నీళ్ళు పోసినా పూతంతా రాలిపోయింది.

డ్రిప్ పెట్టుకోమని చాలామంది చెబుతారు. పెట్టాను. నీళ్ళ ట్యాంకు ఉన్నదీ మిద్దె మీదే, దానికీ కుండీలకూ మధ్య మనిషెత్తు కూడా తేడా లేదు. ఒత్తిడి చాలక ముందున్న నాలుగు కుండీల్లో చుక్కలు పడ్డాయి, చివరివాటికి పైపు తడిసింది అంతే. మోటారు పెడితే పని చేస్తుందేమో గానీ బాలింతకు ఇంకో యంత్రం రిపేరు అవసరమా?

ఇక ఏడుపు వినిపించే దూరం. పల్లెలో పెరటి తలుపు తీస్తే నాలుగడుగుల్లో మడి. వసారాలో దూలానికి చీర ఉయ్యాల. నేను కలుపు తీస్తుంటే అమ్మ లోపల నుంచి "బిడ్డ లేచినట్టుండాది, పోయి చూడు మే" అనేది. నాకు అంతకుముందే వినిపించేది. తిరుపతి ఇంట్లో మేం ఉండేది మొదటి అంతస్తు, మిద్దె పైకి ఇంకో 22 మెట్లు. పాప నిద్రపోయాక పాత ఫోను మంచం పక్కన పెట్టి, దాన్నుంచి నా ఫోనుకు కాల్ కలిపి, స్పీకర్ పెట్టుకుని పైకి పోయేదాన్ని. తెలివైన పని చేశాననుకున్నాను. ఒకరోజు పేడ ఎరువు కలుపుతున్నాను, మోచేతుల దాకా మట్టి. ఫోన్లో చిన్న మూలుగు, ఆ వెంటనే గుక్కపట్టిన ఏడుపు. 22 మెట్లు దిగాను. తలుపు గడియ మోచేత్తో తీశాను. ఎత్తుకుందామంటే చేతులు అట్లా ఉన్నాయి. కొళాయి దగ్గర సబ్బు రుద్దుతున్న ఆ రెండు నిమిషాలూ పాప నన్నే చూస్తూ ఏడ్చింది. ఆ మర్నాటి నుంచి ఇంట్లో ఇంకో మనిషి లేకుండా మిద్దె ఎక్కడం మానేశాను.

అయితే పెరడు గెలిచిందంటే అందులో సగం మా అమ్మ గెలిచినట్టు. ఇది దాచిపెట్టి రాస్తే మా చెల్లెలు మోసపోతుంది. ఆపరేషన్ కాన్పు నాది. ఆరు వారాలు బిడ్డ బరువును మించి ఏదీ ఎత్తొద్దని డాక్టరమ్మ చెప్పింది. గడ్డపార పట్టడం సంగతి అటుంచి, గొంతుక్కూర్చుని గరిక పీకాలన్నా కుట్ల దగ్గర లాగేది. పెరట్లో కలుపు రాని వారం ఉండదు. తుంగ అయితే పీకిన చోటే మళ్ళీ నవ్వుతూ కనిపిస్తుంది. తవ్వింది, పాదులు చేసింది, గట్లు వేసింది అంతా అమ్మ, నాయన. నేను చేసింది విత్తనం చల్లడం, కోయడం, ఇది నా తోట అని ఫోటోలు పంపడం. అత్తగారింట్లో మా చెల్లెలికి ఆ చేతులు ఉన్నాయా అన్నది ముందు చూసుకోవాలి. వెనక జాగా ఉండటం ఒకటి, దాన్ని తవ్వే మనిషి ఉండటం ఇంకొకటి.

ఈ విషయంలో కుండీలకే నా ఓటు. ఎత్తుగా బల్ల మీద పెట్టుకుంటే నిలబడే పని అయిపోతుంది, నడుం వంచక్కర్లేదు. కలుపు దాదాపు ఉండదు. కాకపోతే మట్టి నింపిన గ్రో బ్యాగు తడిస్తే పాతిక కిలోల దాకా తూగుతుంది. "ఇటు కొంచెం జరుపుదాం" అనుకుని చెయ్యి వేయొద్దు. ఎక్కడ పెట్టాలో కాన్పుకు ముందే మగవాళ్ళ చేత పెట్టించుకోవాలి.

జంతువుల బెడద రెండు చోట్లా ఉంది, రకమే వేరు. తిరుపతిలో కొండ పక్కన ఉండే వీధుల వాళ్ళకు కోతుల గురించి చెప్పక్కర్లేదు. టమాట పండకముందే కోసి, ఒక కొరుకు కొరికి గోడ మీద పెట్టిపోతాయి. అది సరదాగానే ఉంటుంది. చంకలో బిడ్డ, చేతిలో గిన్నె ఉన్నప్పుడు ఎదురుగా పెద్ద కోతి కూర్చుంటే సరదా ఉండదు. పల్లెలో పాముల భయం. ఆకులు, పొట్టు మందంగా పరిచిన చోట, అరటి మొదళ్ళ దగ్గర చీకటి పడ్డాక చెయ్యి పెట్టనిచ్చేది కాదు మా అవ్వ. పొద్దుగుంకాక కరివేపాకు రెబ్బ కావాలన్నా టార్చి, కర్ర.

నీళ్ళ విషయంలో పెరటికి ఇంకో లాభం ఉంది. రోజూ అవ్వ రాతిబండ మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పాపను కాళ్ళ మీద పడుకోబెట్టి, నూనె పట్టించి, సున్నిపిండితో రుద్ది రెండు బకెట్ల నీళ్ళు పోసేది. ఆ నీళ్ళు కాలువగా పోయి అరటి మొదట్లో చేరేవి. డిటర్జెంట్ వేసి ఉతికిన నీళ్ళు, పాప దొడ్డికి పోయిన గుడ్డలు జాడించిన నీళ్ళు మాత్రం ఆకుకూర మడుల వైపు రానీయకూడదు. మనం పప్పులో వేసుకుని తినేది ఆ ఆకే కదా. మిద్దె మీద స్నానం నీళ్ళు పనికిరావు, ఎవరు మోస్తారు పైకి? పైగా మిద్దె మీద చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఇంకో పేచీ: గుడ్డలు ఆరేసే తాడు. ఎండ బాగా తగిలే చోటు మొక్కలకు కావాలి, పాప గుడ్డలకూ కావాలి. మా ఇంట్లో గుడ్డలే గెలిచాయి. వాటి నీడన పుదీనా మాత్రం హాయిగా పెరిగింది.

వానాకాలంలో లెక్క తిరగబడుతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి మనకెవరికీ మరుపు రాదు. అంత కాకపోయినా, పల్లపు పెరట్లో వారం రోజులు నీళ్ళు నిలిస్తే కొత్తిమీర, మెంతికూర కుళ్ళిపోతాయి. కుండీలో అడుగున చిల్లులు సరిగ్గా ఉంటే నీరు జారిపోతుంది. అయితే ఆ జారిన నీటికి మిద్దె చెమ్మెక్కుతోందని మా ఇంటి ఓనరమ్మ ఏడాదికి రెండుసార్లయినా గుర్తుచేస్తుంది. కుండీల కింద పళ్ళేలు పెట్టాను. ఆ పళ్ళేల్లో దోమలు. డెంగీ దోమ ఎక్కువగా ఇట్లా నిలిచిన మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో పిల్ల దోమలు ఎగిరిపోతాయి. చంటిబిడ్డ ఇంట్లో పళ్ళేలు పెడితే వారానికి ఒకసారి బోర్లించి రుద్దాల్సిందే, లేదంటే పళ్ళెం వద్దు.

ఇంతకీ నేను చివరికి ఏం చేశానంటే, మిద్దె దిగాను. వంటింటి వెనక తూర్పు ముఖంగా చిన్న బాల్కనీ ఉంది, పొద్దున నాలుగైదు గంటలు ఎండ పడుతుంది. మిగిలిన కుండీల్లో ఆరు పెద్దవి అక్కడికి దింపించాను. స్టవ్ మీద పాలు, గదిలో పాప, బాల్కనీలో మొక్కలు, మూడూ ఒక్క చోటు నుంచి కనిపిస్తాయి. ఒక్కో కుండీలో చిన్న మట్టి ముంత మెడదాకా పాతాను. అందులో నీళ్ళు నింపితే మట్టి పీల్చుకుంటూ ఉంటుంది, ఒక పూట మరిచినా మొక్క అలగదు.

అసలు ఎక్కడ పెట్టామన్నదానికంటే ఏం పెట్టామన్నదే ఎక్కువ తేడా చూపించింది నాకు. బిడ్డ పుట్టిన ఏడాది టమాట, వంగ, బెండ జోలికి పోవద్దు. టమాట నారు నాటిన రెండు నెలలకు గానీ చేతికి రాదు. ఈలోపు ఊతం కట్టాలి, ఆకుముడత తెగులు చూడాలి, తెల్లగా పట్టే పిండినల్లి పురుగును తుడవాలి. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె కలిపి కొట్టడం పెద్ద పని కాదు, ఆ వాసన ఒంటికి పట్టి బిడ్డ దగ్గరికి పోవడమే ఇబ్బంది. ఆకుకూరల్లో కూడా విత్తనంతో వచ్చేవి ఒక రకం, కోసేకొద్దీ చిగురించేవి ఒక రకం. మెంతికూర 20 నుంచి 25 రోజుల్లో వస్తుంది, తోటకూర నెలలోపే, కానీ పీకేశాక మళ్ళీ మట్టి కలపాలి, మళ్ళీ చల్లాలి. పొన్నగంటి, బచ్చలి, పుదీనా అట్లా కాదు. కొమ్మ ముక్క గుచ్చితే చాలు, తర్వాత మనం గిల్లుకోవడమే. కరివేపాకు ఒక్కసారి నిలదొక్కుకుంటే దాని దారి దానిది. పెరడు ఉన్నవాళ్ళకు మునగ. బాలింతకు మునగాకు పప్పు రోజు మార్చి రోజు పెట్టింది మా అవ్వ. అనపకాయలు (సొరకాయ కాదు, మా వైపు చిక్కుడు జాతి గింజల కాయలు) మాత్రం కళ్ళ ముందే కాసినా ముట్టనివ్వలేదు, వాతమట. సంక్రాంతికి ఇంటిల్లిపాదీ ఆ గింజల తోలు పితికి వండిన పితికిపప్పు తింటుంటే నేను తెల్లగడ్డ కారం అన్నం తిన్నాను. ఆ కోపం ఇంకా పోలేదు.

ఒక్క మాట జాగ్రత్తగా వినాలి. ఎనిమిదో నెల నుంచి బిడ్డ పాకుతుంది, అందినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. మా పాప మొదటిసారి అందుకున్నది బాల్కనీ కుండీలోని వేపపిండి కలిపిన మట్టి. మొహం వికారంగా పెట్టి ఉమ్మేసింది కాబట్టి సరిపోయింది. పూజకు పూలు వస్తాయని గేటు పక్కన గన్నేరు వేస్తారు మన వైపు. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. ఆముదం గింజలూ అంతే. పెరడైనా కుండీ అయినా ఈ రెండూ పిల్లలు తిరిగే చోట వద్దు. పురుగుమందు సీసా సంగతి సరేసరి.

మా చెల్లెలికి చెప్పింది ఇది. అత్తమామలు పెరట్లో దిగే మనుషులైతే కాన్పుకు ముందే రెండు మడులు తవ్వించి పొన్నగంటి, బచ్చలి పెట్టించు. వాళ్ళకు ఓపిక లేకపోతే వంటింటి గడప పక్కన నాలుగు తొట్లు చాలు, వెనక జాగా ఎక్కడికీ పోదు. మిద్దె మాత్రం ఈ ఏడాదికి వద్దు.

నా మిద్దె మీద మిగిలిన ఐదు కుండీలు, ఖాళీ అయిన తొమ్మిదీ కింది ఇంటి అత్తమ్మకు ఇచ్చేశాను. ఆమె పిల్లలు బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు, రోజూ రెండు పూటలా మిద్దె ఎక్కుతుంది. దిగేటప్పుడు మా తలుపు తట్టి గుప్పెడు ఆకు ఇచ్చి, పాపను కాసేపు ఎత్తుకుపోతుంది. ఆ కాసేపట్లో నేను బాల్కనీకి నీళ్ళు పోసుకుంటాను.