నెలవారీ సగటు ధరను నమ్ముకుని కార్డులమ్మాను: ఐదేళ్ల తర్వాత నా సమీక్ష

2020 చివర్లో, ఆఫీసు పనంతా ఇంటి నుంచే నడుస్తున్న రోజుల్లో, మా అబ్బాయి మోజు తీరి వదిలేసిన పోకెమాన్ కార్డుల డబ్బాతో నా అమ్మకం మొదలైంది. మేముండేది టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో. ఓ రెండొందల కార్డులు ఈబేలో పెడితే వారంలో ఊడ్చుకుపోయాయి. నాకేదో వ్యాపారం ఒంటబట్టిందనుకున్నాను. ఆ రోజుల్లో ఎవరు ఏం పెట్టినా పోయేదని తర్వాత తెలిసింది.

2021 జనవరి ఆఖర్లో బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ 1986 ఫ్లీర్ కంపెనీ కార్డు, పీఎస్ఏ 10 గ్రేడుది, వేలంలో 7,38,000 డాలర్లకి పోయింది. (కార్డు ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి గ్రేడు ఇచ్చే కంపెనీ పీఎస్ఏ, అందులో పదే అన్నిటికంటే పైది.) ఆ వార్త చూసి ఫిబ్రవరిలో నా తాహతుకి తగ్గ బాస్కెట్‌బాల్ కార్డులు ఓ పాతిక కొన్నాను. వేసవికల్లా జోర్డాన్ కార్డే అదే గ్రేడులో అందులో సగం కూడా పలకలేదు. ఇక నావి చెప్పేదేముంది! సగానికి పైగా ఇంకా అటక మీదే ఉన్నాయి. నెలనెలా లెక్క రాసుకోవడం ఆ దెబ్బతోనే మొదలుపెట్టాను.

పద్ధతి చాలా మామూలుది. ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున, ఇంట్లోవాళ్లు లేవకముందు, నేను అమ్మే రకం కార్డుల్లో ఓ నలభై తీసుకుని ఒక్కోదానికి గత నెల ఎన్ని అమ్ముడయ్యాయి, ఎంతకి పోయాయి, ఇప్పుడు ఎన్ని అమ్మకానికి ఉన్నాయి అని ఎక్సెల్ షీట్‌లో ఎక్కిస్తాను. రెండు గంటలు పడుతుంది. మొదట్లో ఈబేలో సోల్డ్ లిస్టింగులు, అంటే అమ్ముడైన వాటి జాబితా, మాత్రమే చూసేవాణ్ని, వాటిలో 90 రోజుల అమ్మకాలే కనిపిస్తాయి. తర్వాత టెరాపీక్ అలవాటైంది. పాత అమ్మకాల ధరలు చూపించే ఈ టూల్‌ని ఈబే 2017లో కొంది, ఇప్పుడు అమ్మేవాళ్ల పేజీ సెల్లర్ హబ్‌లోనే ఉంది, మూడేళ్ల వెనక్కి వెళ్లి చూడొచ్చు. బెస్ట్ ఆఫర్ మీద పోయిన కార్డుకి మామూలు పేజీలో అడిగిన ధర మీద గీత కొట్టి చూపిస్తారు, ఇందులో అయితే చివరికి తెగిన బేరం ఎంతో తెలుస్తుంది. నా దగ్గర కొనేవాళ్లలో సగం మంది బేరమాడేవాళ్లే కాబట్టి నాకిది బాగా పనికొచ్చింది.

ఇక అసలు సంగతి. మొదటి ఏడాదంతా నేను గ్రాఫ్‌లో సగటు ధర గీతనే చూశాను. గీత పైకి పోతే కొన్నాను, కిందికి వస్తే కంగారుపడి అమ్మేశాను. రెండూ తప్పే. ఎందుకో ఒక చిన్న లెక్కతో చెబుతాను. ఒక కార్డు ఈ నెల గ్రేడింగ్ లేనివి (వీటినే రా అంటాం) పది, ఒక్కోటి 30 డాలర్లకి పోయాయనుకోండి. పీఎస్ఏ 10వి రెండు, ఒక్కోటి 150కి పోయాయి. మొత్తం పన్నెండు కార్డులు, 600 డాలర్లు, సగటు 50. వచ్చే నెల రా కార్డులు పది, ఈసారి 25కే. గ్రేడెడ్‌వి ఆరు, 130కే. మొత్తం పదహారు కార్డులు, 1030 డాలర్లు, సగటు 64 పైచిలుకు. రా ధర పడింది, గ్రేడెడ్ ధర పడింది, సగటు గీత మాత్రం నిక్షేపంగా పైకి లేచింది! నేను సరిగ్గా ఇలాంటి గీత చూసే ఒకే కార్డు ఎనిమిది కాపీలు కొన్నాను. తప్పు టూల్‌ది కాదు, దానికి నేను అడిగిందే చూపించింది. అప్పటి నుంచి రా ఒక వరసలో, పీఎస్ఏ 10 ఒక వరసలో, 9 ఇంకో వరసలో రాస్తున్నాను. వెతికేటప్పుడు లాట్ (కట్ట), ప్రాక్సీ (నకలు), జపనీస్ లాంటి మాటలకి ముందు మైనస్ గుర్తు పెట్టి తీసేస్తాను. లేకపోతే యాభై కార్డుల కట్ట ధర కూడా ఒక్క కార్డు ఖాతాలో పడిపోతుంది.

రెండో పాఠం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. మాది గుంటూరు పక్కన మిరప పండే ఊరు. ఓసారి ఫోన్‌లో నా గోల చెప్పుకుంటుంటే అంతా విని, "రేటు సరేరా, యార్డుకి ఎన్ని టిక్కీలొచ్చాయి?" అన్నాడు. టిక్కీ అంటే మిర్చి బస్తా. మిర్చి యార్డులో రేటు ఒక్కటే వినడు ఆయన, సరుకెంత దిగిందో తెలిస్తే తప్ప కోల్డ్ స్టోరేజీలో ఉన్నది తియ్యడు. నా షీట్‌లో ఆ గడే లేదు! ఇప్పుడు నేను ముందుగా చూసేది అదే. ఒక కార్డు నెలకి నలభై పోతూ, నలభై మాత్రమే అమ్మకానికి ఉంటే నా ధర మీద నిలబడతాను. పోయేవి నలభై, ఉన్నవి మూడొందలు అయితే పక్కవాడి కంటే ఒక డాలర్ తగ్గించి వదిలించుకుంటాను. ధర ఇంకా పడకముందే, అమ్మకానికి ఎన్ని ఉన్నాయో చెప్పే ఈ రెండో అంకె మాట్లాడుతుంది.

కొత్త సెట్ వచ్చినప్పుడు ఇది బాగా తెలుస్తుంది. 2023 సెప్టెంబరు 22న పోకెమాన్ స్కార్లెట్ అండ్ వయొలెట్ 151 విడుదలైంది, పాత తరం వాళ్లంతా ఎగబడ్డ సెట్. మొదటి వారాంతం అందులోని చారిజార్డ్ కార్డు కోసం జనం ఎంతైనా పెట్టారు. అప్పుడు చించిన ప్యాకెట్లలో వచ్చిన మంచి కార్డులన్నీ ఆ సోమవారమే లిస్ట్ చేశాను. ప్యాకెట్లు చించేవాళ్లు పెరిగేకొద్దీ సరుకు పెరిగింది, ధర దిగింది. సీల్డ్ డబ్బాల, అంటే విప్పని వాటి, కథ వేరు, వాటిని అప్పుడు కదపలేదు.

నెలల సంగతికొస్తే, నా షీట్‌లో ఏటా తిరిగొచ్చేవి కొన్ని ఉన్నాయి. అమెరికన్ ఫుట్‌బాల్ కార్డులు ఆగస్టులో కదులుతాయి, ఫైనల్ మ్యాచ్ సూపర్ బౌల్ అయిన మర్నాటి నుంచి అడిగే నాథుడుండడు. బాస్కెట్‌బాల్ అక్టోబరు నుంచి ప్లేఆఫ్స్ దాకా. బేస్‌బాల్‌కి మార్చి. పోకెమాన్ సీల్డ్ సరుకుకి థాంక్స్‌గివింగ్ నుంచి క్రిస్మస్‌కి వారం ముందు వరకు. ట్యాక్స్ రీఫండ్లు పడే ఫిబ్రవరి, మార్చిలో ఖరీదైన కార్డులు కాస్త తేలిగ్గా పోతాయి. కానీ వీటిని పంచాంగంలా పట్టుకోకండి. ఆటగాడికి మోకాలు దెబ్బ తగిలితే ఏ నెలైనా ఒకటే.

గ్రేడింగ్‌కి పంపేవాళ్లకి ఇంకో చిక్కుంది. మీరు పంపిన రోజు ధర, కార్డు తిరిగొచ్చిన రోజు ధర వేరు. 2021 మార్చి ఆఖర్లో పీఎస్ఏ కార్డులు గుట్టలు పడి చాలా సర్వీసులు తాత్కాలికంగా ఆపేసింది. ఆ గుట్ట కరిగేకొద్దీ పీఎస్ఏ 10 కార్డులు మార్కెట్లోకి వస్తూనే ఉన్నాయి. అందుకే పాప్ రిపోర్ట్ (ఏ కార్డుకి ఏ గ్రేడు ఎన్నిటికి ఇచ్చారో పీఎస్ఏ చెప్పే లెక్క) అంకె కూడా నెలనెలా రాస్తాను. మూడు నెలల్లో ఆ అంకె రెట్టింపైతే ఆ కార్డు గ్రేడింగ్‌కి పంపను.

మధ్యలో ఒక ఏడాది, "ఈ నెల పెరగబోయే కార్డులు" అని మెయిల్ పంపే రిపోర్టుకి డబ్బు కట్టాను. పేరు అనవసరం. అందులో వచ్చిన కార్డు నేను వెళ్లి చూసేసరికే పెరిగిపోయి ఉండేది. చందాదారులమంతా ఒకేసారి కొంటే పెరగక చస్తుందా! రెండు వారాల్లో అందరం కలిసి ఒకేసారి అమ్మేవాళ్లం. చందా ఆపేశాక నా లాభం తగ్గలేదు, నిద్ర మాత్రం బాగా పడుతోంది.

ఇంత చేసినా ఇందులో కోట్లేం లేవు. ఈబే ఫీజు సుమారు 13 శాతం, పైన టాప్‌లోడర్లు (గట్టి ప్లాస్టిక్ తొడుగులు), కవర్లు, పోస్టేజీ. పది డాలర్ల లోపు కార్డులకి ఈ రెండు గంటల పని గిట్టుబాటు కాదు. వాటిని కట్టలు కట్టి, అలెన్‌లో జరిగే డాలస్ కార్డ్ షోకి తీసుకెళ్లి ఇచ్చేస్తాను. అక్కడ టేబుల్ దగ్గర పది నిమిషాలు నిలబడితే జనం దేన్ని అడుగుతున్నారో షీట్ కంటే ముందే తెలుస్తుంది. నెలకి పది కార్డులు అమ్మేవాళ్లకి ఈ తతంగం వద్దు, సోల్డ్ లిస్టింగులు చాలు. యాభై దాటితే మాత్రం మొదలుపెట్టండి. ఆరు నెలల దాకా ఏమీ అర్థం కాదు, ఏడాది తిరిగాకే పోల్చడానికి పక్కన ఇంకో అంకె ఉంటుంది.

అనుకోకుండా కలిసొచ్చింది ట్యాక్స్ దగ్గర. 1099-కె అంటే మన అమ్మకాల మొత్తాన్ని ఈబే లాంటివి ట్యాక్స్ శాఖకి చెప్పే ఫారం. దాని హద్దు 2021 చట్టంతో 600 డాలర్లకి దిగి, వాయిదాలు పడీ పడీ, 2025 చట్టంతో మళ్లీ 20,000 డాలర్లు, 200 లావాదేవీల దగ్గరికే వచ్చింది. ఫారం రాకపోయినా లాభం చూపించాల్సిందే కదా. ఎప్పుడు కొన్నాను, ఎంతకి కొన్నాను అన్న గడులు షీట్‌లో ముందే ఉండటంతో ఈసారి మార్చిలో మా ఆవిడ, నేను కలిసి ఒక్క సాయంత్రంలో ముగించాం. అటక మీది బాస్కెట్‌బాల్ కార్డుల వరస వచ్చినప్పుడు మాత్రం ఆవిడ తలెత్తి నా వంక చూసింది. నేను కిందికి స్క్రోల్ చేశాను.