మల్చింగ్ షీటు: మైక్రాన్లతో పాటు బ్లెండ్ కూడా అడగండి

మొక్కల చుట్టూ నేలను కప్పే ఈ ప్లాస్టిక్ షీటును నల్గొండ చెలకల్లో పుచ్చ, టమాటా, మిరప పంటలకు వాడి చూశాక తేలిందిది: మైక్రాన్లు (మందం) ఒకటే అయినా బ్లెండ్ (ఏ ప్లాస్టిక్ ఎన్ని పాళ్లన్నది) మారితే షీటు వేరే సరుకే. వాడినవన్నీ 25 మైక్రాన్ల వెండి-నలుపు షీట్లే. అమ్మినవాళ్ల లెక్క ప్రకారం ఒకటి ఎల్‌ఎల్‌డీపీఈ 80 పాళ్లు, ఎల్‌డీపీఈ 20. రెండోది సగం సగం. మూడోదాంట్లో కొంత హెచ్‌డీపీఈ. ఇవన్నీ పాలిథీన్ రకాలే.

సగం సగం షీటు మొక్క రంధ్రాల దగ్గరే చేతులెత్తేసింది. కత్తి గాటు నుంచి చీలిక బయల్దేరితే రోలు పొడవునా గీత గీసినట్టు పోతుంది. ఎల్‌డీపీఈ అణువుల గొలుసులకు పొడవాటి కొమ్మలుంటాయి. ఫ్యాక్టరీలో కరిగిన ప్లాస్టిక్‌ను బుడగలా ఊది పైకి లాగేటప్పుడు అవి చిక్కుపడి, సాగినవి సాగినట్టే గట్టిపడతాయి. ప్లాస్టిక్ చల్లారేటప్పుడు ఏర్పడే సన్నని స్ఫటిక పలకలు ఆ సాగిన పోగుల మీద వరుసకట్టి పెరుగుతాయి, చీలికకు ఆ వరుసే దారి. ఎల్‌ఎల్‌డీపీఈ కొమ్మలు పొట్టివి, స్ఫటికంలో ఇమడవు. అందుకే ఒకే గొలుసు ఒక పలకలోంచి బయటికొచ్చి పక్క పలకలో దూరుతుంది. చీలికను పట్టి ఆపేది ఈ కుట్టే. రెండు ప్లాస్టిక్కులూ కరిగినప్పుడు కలిసినా, చల్లారేటప్పుడు చాలావరకు విడివిడిగానే స్ఫటికాలు కడతాయి. వాటి కరుగు వేడిమి కూడా వేరు: ఎల్‌ఎల్‌డీపీఈకి సుమారు 120 డిగ్రీలు, ఎల్‌డీపీఈకి 110 దగ్గర.

అలాగని ఎల్‌డీపీఈ అసలే వద్దనలేం. అది లేకుంటే బుడగ ఊగుతుంది, షీటు ఒకచోట పలచగా ఒకచోట మందంగా వస్తుంది. 10-20 పాళ్లు చాలు.

హెచ్‌డీపీఈ కలిపినది చేత్తో నలిపితే గరగరమంటుంది. పరిచేటప్పుడు సాగదు, అది మంచిదే. కానీ స్ఫటికం ఎక్కువై, పలకల మధ్య కుట్టు తగ్గి, మొరం రాయి మొన తగిలినచోటల్లా బొక్క పడింది. రాళ్లు ఏరని చెలకకు ఇది పనికిరాదు.

కొనేముందు అంచున అంగుళం గాటు పెట్టి పొడవునా చింపండి. దారంలా నేరుగా పోతే ఎల్‌డీపీఈ ఎక్కువుందని అనుమానించాలి. బొటనవేలితో పొడిస్తే మంచి షీటు ముందు సాగి తర్వాతే తెగుతుంది. వెలుతురుకు పట్టి చూడండి: పలుకులు కనబడితే పాత ప్లాస్టిక్‌ను కరిగించి చేసిన గుళికలు (పాత దాణా) కలిపారని అనుమానించాలి, చిరుగు అక్కడే మొదలవుతుంది. తూకం తప్పక వేయించండి. 1.2 మీటర్ల వెడల్పు, 400 మీటర్ల రోలు 25 మైక్రాన్లయితే 11 కిలోలకు తగ్గకూడదు.

రంధ్రాలకు కత్తి వాడొద్దు. ఎర్రగా కాల్చిన ఇనుప గొట్టంతో గుండ్రంగా వేస్తే అంచు కరిగి మందంగా ముద్ద కడుతుంది, చీలికకు మూల దొరకదు. పరిచేటప్పుడు బిగలాగితే 80:20 షీటు కూడా సాగి పలచబడుతుంది. ముడతలు పోయేంత లాగితే చాలు. పంటయ్యాక ఈ షీటే ముక్కలు కాకుండా చుట్టగా వచ్చింది. సగం సగం షీటు ముక్కలు ఇప్పటికీ నాగలికి తగులుతున్నాయి.