విశాఖ హార్బర్‌లో బోటు ఎగ్జాస్ట్ పని చేయిస్తున్నారా? పాత ముక్క చేతికి వచ్చాకే డబ్బులివ్వండి

నిన్న రాత్రే ఒడ్డుకొచ్చాం. కోపం ఇంకా తగ్గలేదు.

మా బోటు పాతది, 20 ఏళ్లు దాటింది. జూన్ 14తో వేట నిషేధం ముగిసేలోపు ఎగ్జాస్ట్ ఎల్బో, అంటే ఇంజిన్ పొగ బయటికి పోయే వంపు గొట్టం, మార్చేయాలనుకున్నాం. వేడి పొగలో ఉప్పునీళ్లు కలిసేది అక్కడే కదా, తుప్పు ముందు తినేసేది దాన్నే. హార్బర్ దగ్గర వర్క్‌షాప్ అతను ఉప్పునీళ్లకి బాగా ఆగే 316 రకం స్టీల్‌తో కొత్తది చేస్తానని 38 వేలు తీసుకున్నాడు. పేరు రాయను, జెట్టీ మీద అందరికీ తెలిసిన మనిషే.

రెండో ట్రిప్పులో ఇంజిన్ రూమ్ నిండా పొగ. కిందికి దిగిన కుర్రాడు దగ్గుతూ పైకొచ్చి కూలబడిపోయాడు. వాసన తగిలింది కాబట్టి బయటపడ్డాడు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కైతే రంగూ ఉండదు, వాసనా ఉండదు.

ఇంజిన్ ఆపి, చల్లారాక ఎల్బోకి వేడి తగలకుండా చుట్టిన గుడ్డ విప్పాం. పైన మెరిసే సిల్వర్ పెయింట్. గోరుతో గీకితే పుట్టీ పెళ్లలు పెళ్లలుగా ఊడింది. దాని కింద మూడేళ్ల క్రితం మేం వేయించిన వెల్డింగ్ మచ్చ! అది మా పాత ఎల్బోనే. బొక్కలు పూడ్చి, రంగు కొట్టి, గుడ్డ చుట్టి మళ్లీ మాకే బిగించాడు. ఆ మచ్చ చూడగానే నా కడుపు మండిపోయింది.

వెళ్లి అడిగితే తలెత్తి కూడా చూడలేదు. "ముసలి బోటుకి ఇంకేటి కావాలి? గ్యారంటీ అని కాగితం రాసిచ్చానా?" అన్నాడు. ఆ పిల్లాడి ప్రాణం పోతే ఏ కాగితం చూపిస్తాడు?

తప్పు నాదీ ఉంది. బిగించే రోజు నేను దగ్గర లేను. బోటు నడిపే మా సరంగు పాత ముక్క అడుగుదామంటే, తెలిసినవాడే కదా అని నేనే వద్దన్నాను. అది తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

మీరు మాత్రం గుడ్డ చుట్టకముందే చూడండి, లోపల వేలు పెట్టి చూడండి. బిల్లు మీద 316 అని రాయించుకోండి. అయస్కాంతం పెట్టి చూస్తే ఉప్పునీళ్లకి అంతగా ఆగని 304 రకం స్టీల్‌కీ 316కీ తేడా తెలియదు, దాన్ని నమ్మొద్దు. ఎల్బో లోపల పాడైతే నీళ్లు వెనక్కి వెళ్లి సిలిండర్లలో దిగుతాయి, అప్పుడు ఇంజినే పోతుంది.

బోటు జెట్టీకే కట్టి ఉంది. కాకినాడ వైపైనా సరే, ఈ పని నిజాయితీగా చేసేవాళ్లు తెలిస్తే చెప్పండి.