గార్డ్స్ గోల్డ్: తన పాటలను తానే తిరిగి పాడిన గార్డన్ లైట్‌ఫుట్

కెనడా గాయకుడు, గీతకర్త గార్డన్ లైట్‌ఫుట్ పాటలను కొత్తగా వినబోయేవారు ముందుగా ఏ రికార్డు కొనుక్కోవాలని అడిగితే, 1975లో రిప్రైజ్ సంస్థ వెలువరించిన ‘గార్డ్స్ గోల్డ్’ అనే జంట ఎల్పీనే నేను సూచిస్తాను. పేరుపొందిన పాటలను ఒకచోట చేర్చి అమ్మే సంకలనాలపై నాకు సాధారణంగా అంత గౌరవం ఉండదు. అయితే ఇది ఆ కోవలో చేరేది కాదు. ఇందులోని మొదటి రికార్డులో ఉన్న పాటలన్నీ ఆయన ఇరవైల వయసులో రాసి, పాడి, వేరొక సంస్థ కోసం రికార్డు చేసినవి. ముప్పై ఆరేళ్ల వయసులో స్టూడియోకు వెళ్లి, అప్పటి తన బృందంతో వాటిని మొదటి నుంచి మళ్లీ పాడాడు. రెండవ రికార్డులో 1970 నుంచి వచ్చిన పాటలు మూలరూపంలోనే ఉన్నాయి. కాబట్టి ఇరవై రెండు పాటల్లోనూ మనకు వినిపించేది నిండుగా పండిన గొంతే, అది పాడే మాటల్లో సగం మాత్రం కుర్రతనంలో రాసుకున్నవి. ఈ సంపుటికి విలువ తెచ్చింది ఆ కలయికే.

లైట్‌ఫుట్ 1938 నవంబర్ 17న ఒంటారియో రాష్ట్రంలోని ఒరిలియా అనే చిన్న పట్టణంలో పుట్టాడు. అక్కడి సెయింట్ పాల్స్ చర్చి బృందంలో బాలగాయకుడిగా పాడుతూ, పదమూడేళ్లు నిండకముందే టొరంటోలోని మాసీ హాల్ వేదిక ఎక్కాడు. 1958లో లాస్ ఏంజెలిస్ వెళ్లి సంగీత కళాశాలలో స్వరరచన చదువుకున్నాడు, కానీ ఇంటి మీద బెంగ ఆయనను వెనక్కి తీసుకొచ్చింది. టొరంటోలో కాఫీహౌస్‌లలో పాడుతున్న రోజుల్లో ఆయన పాటలను ఇయాన్, సిల్వియా అనే గాయక దంపతులు ముందుగా గుర్తించి తమ రికార్డులో పాడారు. తరువాత పీటర్, పాల్ అండ్ మేరీ అనే గాయక త్రయం, గాయకుడు మార్టీ రాబిన్స్ ఆయన పాటలతో 1965లో అమెరికాలో విజయం సాధించారు. 1966లో ‘లైట్‌ఫుట్!’ అనే తొలి ఆల్బమ్ వచ్చేసరికే రచయితగా ఆయన పేరు సంగీత రంగంలో బాగా తెలిసిపోయింది. బాబ్ డిలన్, ఎల్విస్ ప్రెస్లీ వంటి గాయకులు ఈయన రాసిన ‘అర్లీ మార్నింగ్ రెయిన్’ పాడారంటే ఆ రచన బలం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఆ తొలి ఆల్బమ్‌లు యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థకు చేసినవి. వాటిలో తన గాత్రం లైట్‌ఫుట్‌కు తృప్తినివ్వలేదు. పాత రికార్డులను నేను కూడా శ్రద్ధగా విన్నాను. అవి చెడ్డవని అనలేను గానీ, వాటిలో ఒక తొందర ఉంది, గొంతు కొంత పైపైన పలుకుతుంది. 1975 నాటి గానంలో ఆ తొందర కనిపించదు. ‘అర్లీ మార్నింగ్ రెయిన్’నే తీసుకుంటే, చేతిలో డబ్బు లేక, ఇంటికి వెళ్లే దారి లేక, విమానాశ్రయం కంచె పక్కన నిలబడి ఎగిరిపోయే విమానాన్ని చూస్తున్న మనిషి పాట అది. లాస్ ఏంజెలిస్‌లో ఇంటి మీద బెంగతో విమానాలు చూడటానికి వెళ్లిన జ్ఞాపకమే కొన్నేళ్ల తరువాత ఆ పాట అయింది. మొదటిసారి పాడినప్పుడు అందులో ఒక కుర్రవాడి ఉక్రోషం వినిపిస్తుంది, ఇక్కడ అదే చరణం ఓడిపోయి చాలాకాలమైన మనిషి మాటలాగా నెమ్మదిగా, ఏ ఫిర్యాదూ లేకుండా సాగుతుంది. నా చెవికి ఈ రెండవదే నిజమైన పాట. ‘సాంగ్ ఫర్ ఎ వింటర్స్ నైట్’ కూడా ఈ రూపంలోనే ఎక్కువ నచ్చుతుంది. మంచు కురిసే రాత్రి దీపం ముందు కూర్చుని దూరాన ఉన్న ప్రియురాలిని తలచుకునే ఆ పాటను ఆయన క్లీవ్‌లండ్ నగరంలో ఉరుములతో వాన పడుతున్న ఒక వేసవి రాత్రి రాశాడు. చలిని ఊహించుకుని రాసిన ఆ పాటలోని హాయి ఆ గొంతు మంద్రంలోకి దిగే చోట బాగా తెలుస్తుంది.

మొదటి రికార్డులో నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. ‘ఐయామ్ నాట్ సేయిన్’ను ‘రిబ్బన్ ఆఫ్ డార్క్‌నెస్’తోనూ, ‘ఫర్ లవిన్ మీ’ని ‘డిడ్ షీ మెన్షన్ మై నేమ్’తోనూ ఒకే పాటగా కలిపి పాడటం వల్ల నాలుగు మంచి పాటలు తలా కొంత నష్టపోయాయి. ముఖ్యంగా ‘డిడ్ షీ మెన్షన్ మై నేమ్’ సొంత ఊరి స్నేహితుణ్ణి అవీ ఇవీ అడుగుతూ, చివరికి అసలు అడగదలచిన ప్రశ్న దగ్గరకు వచ్చే పాట. దానికి తీరిక కావాలి, ఇక్కడ ఆ తీరిక దొరకలేదు. ఇక రెండవ అభ్యంతరం కొన్ని పాటల వెనుక నింపిన వయొలిన్ల బృందం గురించి. రెండు గిటార్లు, ఒక బేస్ సరిపోయే చోట ఆ తీపి అనవసరం. మన ఆకాశవాణి లలిత సంగీతానికి అలవాటుపడిన చెవికి, మాట ముందుండి వాద్యాలు వెనుక నడవడమే సహజంగా తోస్తుంది. లైట్‌ఫుట్ కూడా అసలు ఆ సంప్రదాయం మనిషే.

ఈ సంపుటిలో అన్నిటికంటే పెద్ద రచన ‘కెనేడియన్ రైల్‌రోడ్ ట్రిలజీ’. కెనడా సమాఖ్య ఏర్పడి నూరేళ్లు నిండిన సందర్భంగా, 1967 జనవరి 1న ప్రసారం చేసే కార్యక్రమం కోసం ఆ దేశపు ప్రజా ప్రసార సంస్థ సీబీసీ దీనిని అడిగి రాయించుకుంది. ఉత్సవం కోసం రాయించుకున్న పాటలు సాధారణంగా ఉత్సవంతోనే ముగిసిపోతాయి, ఇది నిలిచింది. దానికి కారణం నిర్మాణంలోనే ఉందని నా అభిప్రాయం. పాట రైలు లేని అడవుల మౌనంతో మొదలై, ధనికుల కలలతో వేగం పుంజుకుని, మధ్యలో హఠాత్తుగా నెమ్మదించి పట్టాలు వేసిన కూలీల గొంతు అందుకుంటుంది. మళ్లీ వేగం పెరిగినా మొదటి ఉత్సాహం తిరిగి రాదు, ఎందుకంటే ఆ మార్గం కోసం చనిపోయినవారి లెక్క అప్పటికి మనకు తెలిసిపోయి ఉంటుంది. 1885లో క్రెయిగెల్లాకీ అనే చోట చివరి మేకు కొట్టడంతో పూర్తయిన కెనేడియన్ పసిఫిక్ రైలుమార్గం గురించి పాఠ్యపుస్తకం చెప్పే గర్వపు కథను, అదే గర్వం కోసం రాయమన్న పాటలో, కూలీల వైపుకు తిప్పగలగడం చిన్న విషయం కాదు. అయితే కెనడా పశ్చిమాన ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు కొండల్లో అత్యంత ప్రమాదకరమైన పని చేసిన వేలాది చైనా కార్మికుల ప్రస్తావన ఇందులో లేదు. ఆ లోటును ఈనాటి శ్రోత గుర్తించాలి. దాదాపు ఏడు నిమిషాల ఈ పాటలో మాత్రం నేను పైన తప్పుపట్టిన వాద్యబృందం తన చోటును సంపాదించుకుంది.

రెండవ రికార్డు లైట్‌ఫుట్‌కు అంతర్జాతీయ ఖ్యాతి వచ్చిన ఏళ్లది. వివాహం విచ్ఛిన్నమవుతున్న వేళ రాసిన ‘ఇఫ్ యూ కుడ్ రీడ్ మై మైండ్’ 1971లో పాటల ఆదరణను లెక్కగట్టే అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో ఐదవ స్థానానికి చేరింది. మనసు విరిగిన మనిషి తన కథను చవక నవలలతోనూ, దెయ్యాల సినిమాలతోనూ పోల్చుకుంటూ, నింద ఎవరి మీదా పూర్తిగా వేయలేక తడబడే ఆ పాట ఆయన రాసినవాటిలో ఉత్తమమైనదని నేను నమ్ముతాను. ఇందులో ఒక పంక్తి, ప్రేమ కొరవడింది నీలోనేనని భార్యను తప్పుపడుతుంది. కొన్నేళ్ల తరువాత కూతురు ఆ మాట సరికాదని చెప్పగా, కచేరీల్లో దానిని ‘మనలో’ అని మార్చి పాడసాగాడు. ఈ సంపుటిలో ఉన్నది మార్చకముందు పాడిన రూపం. సందేహంతో కుతకుతలాడే ‘సన్‌డౌన్’ 1974లో పాటగానూ, అదే పేరు గల ఆల్బమ్‌గానూ బిల్‌బోర్డ్ మొదటి స్థానం అందుకుంది. ‘కేర్‌ఫ్రీ హైవే’ పేరు అరిజోనా రాష్ట్రంలో ఒక రోడ్డు బోర్డు మీద కనిపించి ఆయన కాగితం మీద రాసుకున్నది. వీటి మధ్య ఎవరూ పెద్దగా చెప్పుకోని ‘సర్కిల్ ఆఫ్ స్టీల్’ ఉంది. క్రిస్మస్ రోజుల్లో పేదింట్లో పుట్టిన బిడ్డ గురించిన ఆ పాటను రెండుసార్లయినా వినకుండా రికార్డు పక్కన పెట్టవద్దని మనవి.

ఎంపికలో ఒక లోపం నన్ను నిజంగా బాధిస్తుంది. 1967లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో జరిగిన జాతి అల్లర్ల మీద ఆయన రాసిన ‘బ్లాక్ డే ఇన్ జులై’ని 1968లో అమెరికాలోని అనేక రేడియో కేంద్రాలు ప్రసారం చేయడానికి వెనుకాడాయి. తన పాత పాటలను తిరిగి పాడే అవకాశం వచ్చినప్పుడు దానిని వదిలిపెట్టడం వల్ల, ఈ సంపుటి ఒక్కటే విన్నవారికి లైట్‌ఫుట్ ప్రేమ, ప్రయాణం, ప్రకృతి తప్ప మరొకటి రాయని కవిగా మిగిలిపోతాడు.

ఆయన గొంతు ఎంతటిదో తెలుసుకోవడానికి ఈ కాలపు రికార్డులే ఎందుకు ముఖ్యమో తరువాతి జీవితం చెబుతుంది. 1972లో ముఖ పక్షవాతం వచ్చి తగ్గింది. మద్యపానం చాలాకాలం వెంటాడింది, 1982లో దానిని మానేశాడు. 2002లో సొంత ఊరు ఒరిలియాలో కచేరీ ఇవ్వవలసిన సమయంలో కడుపులోని పెద్ద రక్తనాళం చిట్లి, వారాల తరబడి స్పృహలేని స్థితిలో ఉన్నాడు. కోలుకుని, అంతకుముందే పాడి ఉంచిన పాటలతో 2004లో ‘హార్మనీ’ ఆల్బమ్ పూర్తి చేశాడు. మళ్లీ వేదికలెక్కి, 2021లో మరమ్మతుల తరువాత మాసీ హాల్ తిరిగి తెరుచుకున్నప్పుడు మొదటి కచేరీలు ఇచ్చాడు. ఆ చివరి ఏళ్ల గొంతు బాగా సన్నబడింది. ఆ గొంతుతో పాడటానికి నిలబడిన మనిషి పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది. అయినా కొత్త శ్రోత ముందుగా వినవలసింది 1975 నాటి గాత్రమే. లైట్‌ఫుట్ 2023 మే 1న టొరంటోలో మరణించాడు.

కొనేవారికి కొన్ని సూచనలు. వీలైతే ఎల్పీ రూపమే తీసుకోండి, ఎందుకంటే రెండు రికార్డులను ఒకే సీడీలో ఇరికించినప్పుడు చోటు చాలక ‘అఫేర్ ఆన్ ఎయిత్ అవెన్యూ’ను తొలగించారు. ఆ పాట ఇందులోని సున్నితమైన ప్రేమగీతాల్లో ఒకటి, పోగొట్టుకోదగినది కాదు. పాత ఎల్పీ కొంటున్నప్పుడు రెండు డిస్కులూ ఉన్నాయో లేదో, మొదటి డిస్కు మీద గీతలు పడ్డాయో లేదో దుకాణంలోనే చూసుకోవడం మంచిది. ఇక చాలామంది వెతికే ‘ద రెక్ ఆఫ్ ది ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్’ ఇందులో దొరకదు. సుపీరియర్ సరస్సులో ఆ ఓడ 29 మంది సిబ్బందితో మునిగిపోయింది 1975 నవంబర్ 10న. ఆ ప్రమాదంపై లైట్‌ఫుట్ రాసిన పాట 1976లో ‘సమ్మర్‌టైమ్ డ్రీమ్’ ఆల్బమ్‌లో వచ్చింది. 1988 నాటి ‘గార్డ్స్ గోల్డ్’ రెండవ సంపుటిలోనూ ఆ పాట ఉంది గానీ, అది కూడా తిరిగి పాడినదే. మొదటి సంపుటిలో లాభించిన ఆ పద్ధతి ఈ పాట విషయంలో లాభించలేదు. ప్రమాదం జరిగిన కొద్దికాలానికే పాడిన 1976 రూపంలోని బిగువు రెండవసారి సడలింది. కాబట్టి ఈ సంపుటి తరువాత రెండవ సంపుటి జోలికి వెళ్లకుండా, నేరుగా ‘సమ్మర్‌టైమ్ డ్రీమ్’ కొనుక్కోండి.