ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఫైల్స్ పంపడానికి లోకల్‌సెండ్ యాప్ - నా రివ్యూ

ఫోన్‌లో ఫోటోలు, వీడియోలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాలంటే ఇప్పుడు నేను ముందు ఓపెన్ చేసేది లోకల్‌సెండ్. ఫ్రీ, ఓపెన్ సోర్స్ (అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు), యాడ్స్ లేవు, అకౌంట్ గొడవ లేదు. మా ఇంట్లో అక్కది ఐఫోన్, నాది ఆండ్రాయిడ్, ల్యాప్‌టాప్ ఏమో విండోస్, మూడింటికీ ఒకే యాప్ సరిపోవడం నాకు బాగా నచ్చింది. మ్యాక్‌లో, లినక్స్‌లో కూడా ఉంది.

ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ ఒకే వైఫైలో ఉంటే చాలు, ఇంటర్నెట్ అక్కర్లేదు, మన ఫైల్ ఎవరి సర్వర్‌లోకీ వెళ్ళదు. యాప్ తెరవగానే ఒక్కోదానికి ఏదో ఒక పండు పేరో కూరగాయ పేరో అదే పెట్టేసుకుంటుంది, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి "అక్క ఫోన్" అని మార్చేస్తే అమ్మ కూడా టక్కున గుర్తుపడుతుంది. ఫోన్‌లో సెండ్ నొక్కి, ఫోటోలు సెలెక్ట్ చేసి, కింద కనపడే ల్యాప్‌టాప్ పేరు మీద నొక్కితే అక్కడ యాక్సెప్ట్ చేయమని అడుగుతుంది, అంతే పని. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో క్వాలిటీ తగ్గిపోతుంది కదా, ఇందులో ఒరిజినల్ ఎలా ఉందో అలాగే వస్తుంది. కరెంట్ పోయి రౌటర్ ఆగినా ఆండ్రాయిడ్ ఫోన్ హాట్‌స్పాట్‌కి ల్యాప్‌టాప్ కనెక్ట్ చేసి పంపుకోవచ్చు, దానికి నెట్ ఖర్చవదు, కాకపోతే విండోస్ వెనకాల అప్‌డేట్లు లాగేస్తుంది కాబట్టి ఆ కాసేపు మొబైల్ డేటా ఆపేసుకోండి.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఐఫోన్‌లో పంపుతుండగా స్క్రీన్ లాక్ అయినా వేరే యాప్‌లోకి వెళ్ళినా మధ్యలో ఆగిపోవచ్చు, పెద్ద వీడియో అయితే ఫోన్ అలా తెరిచి పెట్టుకుని కూర్చోవాల్సిందే. ల్యాప్‌టాప్ పేరు అసలు కనపడట్లేదంటే చాలాసార్లు విండోస్ ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లని ఆపే రక్షణ) అడ్డం పడుతుంటుంది, మొదటిసారి వచ్చే బాక్స్‌లో అలౌ కొట్టాలి, విండోస్ సెట్టింగ్స్‌లో ఇంటి వైఫైని ప్రైవేట్ నెట్‌వర్క్‌గా పెట్టుకోవాలి. హాస్టల్, ఆఫీస్ గెస్ట్ వైఫైల్లో చాలాచోట్ల ఒక డివైస్‌కి ఇంకోటి కనపడకుండా ఆపేసి ఉంచుతారు, అక్కడ హాట్‌స్పాటే దిక్కు.

ఫోన్ మొత్తం ఖాళీ చేయాలి, యాభై అరవై జీబీ ఉంది అంటే మాత్రం నేను కేబులే వాడమంటా. కానీ ఏ కేబుల్ పడితే అది కాదు, చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక కేబుల్స్‌లో డేటా వైర్లే ఉండవు, ఫోన్ చార్జ్ అవుతుంటుంది గానీ కంప్యూటర్‌లో ఏమీ కనపడదు, జనం పోర్ట్ పోయిందనుకుంటారు. సరైన కేబుల్ పెట్టాక కూడా ఆండ్రాయిడ్‌లో పైనుంచి నోటిఫికేషన్ కిందకి లాగి ఫైల్ ట్రాన్స్‌ఫర్ సెలెక్ట్ చేయాలి. ఇంకోటి, టైప్ సి అనగానే స్పీడ్ అనుకోకండి, యూఎస్‌బీ 2.0 కేబుల్ అయితే 480 ఎంబీపీఎస్ దాటదు, ఐఫోన్ 15 ప్రోలో పోర్ట్ 10 జీబీపీఎస్ అయినా బాక్స్‌లో ఇచ్చేది యూఎస్‌బీ 2.0 కేబులే. కొనేటప్పుడు 5 జీబీపీఎస్ లేదా 10 జీబీపీఎస్ అని రాసి ఉందో లేదో చూసి తీసుకోండి, ఫోన్ కూడా అంత స్పీడ్ సపోర్ట్ చేయాలి మళ్ళీ.

రోజువారీ పనికి లోకల్‌సెండ్‌కి అయిదుకి నాలుగున్నర ఇస్తా, ఆ అర మార్కు తగ్గించింది ఐఫోన్ స్క్రీన్ సంగతికి. ప్లే స్టోర్, యాప్ స్టోర్‌లో ఉంది, కంప్యూటర్‌కి వాళ్ళ సొంత సైట్ లోకల్‌సెండ్ డాట్ ఆర్గ్ నుంచే దించుకోండి.