దూరం సరే, సమయమే నమ్మలేను: విమాన దూరాల యాప్‌తో నాలుగేళ్లు

రెండు విమానాశ్రయాల పేర్లు ఇస్తే మధ్య దూరమూ ప్రయాణ సమయమూ చెప్పే ఈ యాప్ నాలుగేళ్లుగా నా ఫోనులో ఉంది. మా అమ్మాయి లండన్‌లో ఉంటుంది కాబట్టి నేను ఎక్కువగా చూసింది చెన్నై–హీత్రూ మార్గమే. దూరం దాదాపు 8,200 కిలోమీటర్లు. ఆ అంకె మీద నాకు ఫిర్యాదు లేదు. గ్లోబు మీద దారం బిగించి పట్టుకుని మరీ చూశాను. పటంలో వంపు తిరిగి కనిపించే ఆ గీతే నిజంగా దగ్గరి దారి. ఆ సంతోషంలో మా వీధిలో నలుగురి చేత ఈ యాప్ పెట్టించాను.

నా కోపమంతా సమయం మీద.

నిరుడు డిసెంబరులో నా భార్య మొదటిసారి ఒంటరిగా వెళ్లింది. ఆమె ఇన్సులిన్ వేసుకుంటుంది, బయటి తిండి ముట్టదు. యాప్ 10 గంటల 10 నిమిషాలు అంది. ఆ లెక్క ప్రకారం ఎప్పుడు సూది వేసుకోవాలో, ఎప్పుడు పులిహోర, ఎప్పుడు చపాతీలు తినాలో కాగితం మీద రాసిచ్చాను. రాత్రి పదిన్నరకు తిరుపతిలో కారెక్కి పుత్తూరు, నగరి మీదుగా చెన్నై చేరాం. విమానం తెల్లవారుజామున 5.30కి బయలుదేరింది. తలుపు మూసింది మొదలు తెరిచేదాకా 11 గంటల 20 నిమిషాలు పట్టింది. దిగాక పాస్‌పోర్టు వరుసలో మరో గంట. డబ్బా అప్పటికే ఖాళీ. చెమటలు పట్టి చేతులు వణకడం మొదలైందట. అమ్మాయి కోసం తీసుకెళ్తున్న శ్రీవారి లడ్డూ పొట్లం విప్పి, వరుసలో నిలబడే సగం తిన్నది. ఫోనులో ఆమె గొంతు వినేదాకా నా ప్రాణం కుదుటపడలేదు.

తర్వాత కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. దూరాన్ని గంటకు 850 కిలోమీటర్ల చొప్పున భాగించి అరగంట కలిపితే దాదాపు యాప్ చెప్పిన అంకే వచ్చింది. విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి, చలికాలంలో ఇంకా జోరుగా. వెళ్లేటప్పుడు అవి ఎదురుగాలులు, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తాయి. ఫిబ్రవరిలో ఆమె యాప్ చెప్పినదానికన్నా ముందే చెన్నైలో దిగింది. రానూపోనూ గంటకు పైగా తేడా ఉన్న దారికి ఇది ఒకే అంకె చూపిస్తుంది. పక్కన ‘గాలిని లెక్కించలేదు’ అని ఒక్క ముక్క రాసి ఉంటే చాలును.

గంట తేడాతో పనిలేని వాళ్లకు ఇది పనికొచ్చే యాప్ కావచ్చు. ఇన్సులిన్ ఉన్న ఇల్లు మాది, మా అవసరం వేరు. ఇప్పుడు టికెట్ మీది వేళల మధ్య తేడా తీసి, లండన్ గడియారం మనకన్నా వెనక నడుస్తుంది కాబట్టి, వెళ్లేటప్పుడు చలికాలమైతే అయిదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర గంటలు కలుపుతున్నాను. ఆ నలుగురికీ ఇదే లెక్క నేర్పాను.